లెమనేడ్ ఎక్కడ పుట్టింది, మన నిమ్మకాయ నీళ్ళతో దానికున్న చుట్టరికం ఏమిటి?

లెమనేడ్ 1630లో పారిస్‌లో పుట్టిందని ఒకచోట, ఈజిప్టులో పుట్టిందని ఇంకోచోట చదివానన్నారు. నిమ్మ మన దేశపుదే కదా, మన నిమ్మకాయ నీళ్ళు వాటికంటే పాతవి కావా అని అడిగారు. పాత ఫ్రెంచి పద్ధతిలో మూడు కాయలు, ఏడెనిమిది తొక్క ముక్కలు వేసి చేస్తే చప్పగానూ చేదుగానూ వచ్చిందని చివర్లో రాశారు. ఆ చేదుకీ మీ మొదటి ప్రశ్నకీ సంబంధం ఉంది, అందుకని రెండూ కలిపే చెబుతాను.

ముందు పొట్టి జవాబు. నిమ్మరసాన్ని పంచదారతో కలిపి సీసాల్లో పోసి అమ్మినట్టు దొరికే పాత రాతలు కైరోవి. అవి 13వ శతాబ్దం లోపువే. పారిస్ దాన్ని కనిపెట్టలేదు, వీధి వ్యాపారంగా మార్చింది. గ్యాసు ఎక్కించింది ఇంగ్లండు. మన గోళీ సోడా ఆ ఇంగ్లండు అంచె నుంచి నేరుగా దిగినదే. నిమ్మకాయ నీళ్ళు మాత్రం పానకం దారిలో వచ్చిన వేరే సంప్రదాయం. రెండు దారులూ తర్వాత కలిశాయి.

అసలు చిక్కు పండు దగ్గరే మొదలవుతుంది. ఫ్రెంచివాళ్ళ లెమన్, మన నిమ్మ ఒకటి కావు. జన్యు పరీక్షలు తేల్చిన వంశవృక్షాన్ని మన పళ్ళ పేర్లతోనే చెప్పుకోవచ్చు. పంపరపనసకీ కమలా జాతి పండుకీ పుట్టింది పుల్ల నారింజ. ఆ నారింజ తల్లిగా, మాదీఫలం తండ్రిగా పుట్టింది లెమన్. మన నిమ్మకి కూడా తండ్రి మాదీఫలమే. తల్లి మాత్రం ఫిలిప్పీన్స్ వైపు పెరిగే మైక్రాంతా అనే అడవి జాతి. అంటే లెమన్, నిమ్మ ఒకే తండ్రి బిడ్డలు, తల్లులు వేరు. గూడూరు, పొదలకూరు, తెనాలి, నకిరేకల్ మార్కెట్లకి బస్తాల్లో వచ్చేది, పెట్లూరు సెలక్షన్-1, బాలాజీ అనే పేర్లతో మన పరిశోధన కేంద్రాలు ఇచ్చినది, అంతా ఈ రెండో బిడ్డే. లెమన్ అంటే పెద్దది, కోలగా ఉండి కొసన చిన్న మొన ఉంటుంది, తొక్క మందం. సూపర్ మార్కెట్లో విడిగా, ఖరీదుగా కనిపిస్తుంది. మన పెద్దలు గజనిమ్మ అన్నది దీనికి దగ్గరి రకాన్నే.

ఈ తేడా కొలతల్లో ఎంత పడుతుందో చూడండి. మామూలు లెమన్ ఒకటి 100 నుంచి 130 గ్రాములు తూగుతుంది, 40 నుంచి 45 మిల్లీలీటర్ల రసం ఇస్తుంది. నిమ్మకాయ 40 నుంచి 50 గ్రాములు, రసం 15 నుంచి 18 మిల్లీలీటర్లు. ఘాటు మాత్రం నిమ్మదే ఎక్కువ. లెమన్ రసంలో పులుపు ఆమ్లం నూటికి 5 నుంచి 6 పాళ్ళుంటే నిమ్మరసంలో 6 నుంచి 7 దాకా, ఒక్కోసారి ఇంకా పైనే ఉంటుంది. మూడు లెమన్లు అని ఉన్నచోట మూడు నిమ్మకాయలు పిండితే పులుపు సగం కూడా రాదు. మీ గ్లాసులో చప్పదనానికి కారణం అదే. చేదు సంగతి తర్వాత చెబుతాను.

ఇక పుట్టుక. పండు ఒక్కటే ఉంటే లెమనేడ్ కాదు, పంచదార కూడా కావాలి. రోమ్ ఫోరం తవ్వకాల్లో సుమారు 2000 ఏళ్ళ కిందటి లెమన్ గింజలు, తొక్క దొరికాయి. అయినా రోమన్లకి లెమనేడ్ లేదు. వాళ్ళకి అది కలవారి తోటల్లోని అపురూపమైన చెట్టు, తీపికి వాళ్ళకున్నది తేనె. చెరకురసాన్ని గట్టి పలుకుగా కాచే విద్య మన దేశంలో ముదిరి పర్షియాకి, అక్కణ్ణుంచి అరబ్బు నేలలకి, ఈజిప్టుకి వెళ్ళింది. పుల్లటి కాయ కూడా దాదాపు అదే దారిన వెళ్ళింది. మాటలే సాక్ష్యం. మన శర్కర పర్షియాలో శకర్, అరబ్బీలో సుక్కర్, ఫ్రెంచిలో సుక్ర్ అయింది. నింబూ అక్కడ లీమూ అయి, అరబ్బీలో లైమూన్, ఇటలీలో లిమోనె, ఫ్రాన్సులో లిమోన్ అయింది. ఆ పానీయంలోని రెండు ముఖ్యమైన మాటలూ ఇటునుంచి వెళ్ళినవే. అంతమాత్రాన పానీయం కూడా మనమే కనిపెట్టామనేయడం తొందరపాటు.

ఆ రెండూ ఒకేచోట కలిసినట్టు కళ్ళకి కట్టే ఆధారం ఒకటుంది. పర్షియా యాత్రికుడు నాసిర్ ఖుస్రో కైరోలో ఉన్నప్పుడు 1048 డిసెంబరులో ఒకే రోజు బజారులో చూసినవన్నీ రాసిపెట్టాడు. వేర్వేరు రుతువుల్లో రావాల్సినవి ఒకే రోజు ఎలా దొరుకుతున్నాయా అని అతని ఆశ్చర్యం. ఆ జాబితాలో గులాబీ, మాదీఫలం, నారింజ, లీమూ, దానిమ్మ, చెరకు ఉన్నాయి. కాయ, చెరకు ఒకే బజారులో. అదే నగరంలోని పాత యూదుల ప్రార్థనాలయంలో శతాబ్దాలపాటు పారెయ్యకుండా దాచిన కాగితాల గుట్టని గెనీజా అంటారు. ఉత్తరాలు, చిట్టాలు, బేరాల కాగితాలు అన్నీ అందులో ఉన్నాయి. ఆ నగరంలో బాగా పంచదార పోసిన నిమ్మరసం సీసాలని కతర్మీజాత్ అనేవారని, వాటిని అక్కడ తాగడమే కాకుండా బయటికీ పంపేవారని ఆ కాలపు యూదుల రాతల నుంచే తెలుస్తోంది. 12వ శతాబ్దంలో సుల్తాన్ సలాహుద్దీన్ ఆస్థాన వైద్యుడు ఇబ్న్ జుమై ఈ కాయ మీద, దాని పానీయం మీద, ప్రయోజనాల మీద ఒక పుస్తకమే రాశాడు. ఎవడో ఒకడు కనిపెట్టాడనడం కంటే, కాయా పంచదారా రెండూ చవగ్గా దొరికిన నగరంలో అది తప్పనిసరిగా పుట్టిందనుకోవడం సబబు.

కతర్మీజాత్ ఎందుకంత తియ్యగా ఉండేదో అర్థం కావాలంటే ఒకసారి చేసి చూడాలి. 500 మిల్లీలీటర్ల నిమ్మరసాన్ని గింజ, గుజ్జు లేకుండా పల్చటి బట్టలో వడకట్టండి. ఒక కిలో పంచదార పోసి, స్టీలు గిన్నెలో సన్నటి సెగ మీద పలుకు కరిగేదాకా కలిపి దించెయ్యండి. ఉడకనివ్వద్దు, ఉడికితే వాసన పోయి వండిన రుచి వస్తుంది. చల్లారాక సుమారు 1100 మిల్లీలీటర్లు వస్తుంది. బరువులో మూడింట రెండొంతులు పంచదారే. ఆ చిక్కదనంలో ఈస్టుకీ బూజుకీ వాడుకోడానికి నీళ్ళు దొరకవు, అందుకే నిలవుంటుంది. ఎండలో పడవెక్కి వెళ్ళాల్సిన సరుకుకి ఆ తీపి రుచి కోసం కాదు, కాపలా కోసం.

ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు. పంచదార తగ్గిస్తే పది రోజుల్లో మూత తీయగానే బుస్సుమంటుంది, అది పులిసిపోయినట్టు. సీసా కడిగి తడి ఆరకుండా పోస్తే, సిరప్ చిక్కగానే ఉన్నా గోడకంటిన నీటిచుక్కలు పైన పల్చటి పొర కడతాయి, బూజు అక్కడే పడుతుంది. కాబట్టి సీసాని వేడినీళ్ళతో కడిగి బోర్లించి పూర్తిగా ఆరనివ్వాలి, మెడ దాకా నింపాలి. మూడోది రంగు. కొన్ని వారాల్లో గోధుమరంగుకి తిరిగితే చెడిపోయిందనుకుంటారు. అది చెడటం కాదు, వెలుతురుకీ వేడికీ విటమిన్ సి విరిగి వచ్చే రంగు. చీకట్లో, చల్లగా ఉంచితే నెమ్మదిస్తుంది.

తాగేటప్పుడు ఇంకో సంగతి బయటపడుతుంది. నిలవకి కావలసిన పంచదార, నాలుకకి కావలసిన పంచదార ఒకటి కాదు. 250 మిల్లీలీటర్ల గ్లాసులో 30 మిల్లీలీటర్ల సిరప్ పోసి నీళ్ళు నింపితే తీపి సరిపోతుంది గానీ పులుపు చాలదు. అరచెక్క తాజా నిమ్మకాయ పిండండి, లెక్క కుదురుతుంది. ఏళ్ళ తరబడి ఇంట్లో నిమ్మ సిరప్ చేసేవాళ్ళు కూడా ఏదో లోపించిందనేది ఈ అరచెక్క దగ్గరే.

ఇప్పుడు మన సంగతి. పానకం మనకి చాలా పాతది. సుశ్రుత సంహితలో బెల్లంతో చేసే పానకాన్ని పులుపు ఉన్నది, లేనిది అని రెండు రకాలుగా చెప్పారు. అంటే తీపి, పులుపు, నీళ్ళు కలిపే ఆలోచన ఇక్కడ కైరో సీసాలకంటే ఎన్నో శతాబ్దాల ముందే ఉంది. ఆ పులుపు నిమ్మదేనని ఆ మాటలో లేదు. శ్రీరామనవమి పానకంలో ఇప్పటికీ బెల్లం, మిరియాలు, యాలకులే అసలు సరుకు. నిమ్మ పిండేవాళ్ళు పిండుతారు, లేకపోయినా అది పానకమే. ఉత్తరాది శికంజీ మాట మాత్రం పర్షియా సికంజబీన్ నుంచి వచ్చింది. సిర్కే అంటే వెనిగర్, అంగబీన్ అంటే తేనె. వెనిగర్ స్థానంలోకి నిమ్మ వచ్చింది. షరబత్ కూడా తాగడం అనే అరబ్బీ మాటకి చెందినదే. నిమ్మకాయ నీళ్ళలో మనదైన గుర్తు ఉప్పు. యూరప్ లెమనేడ్‌లో ఉప్పు వెయ్యరు. చెమటోడ్చే నేలలో ఉప్పు పనికొస్తుంది, పైగా చిటికెడు ఉప్పు చేదుని అణిచి తీపిని పైకి తెస్తుంది. అందుకే మన గ్లాసుకి తక్కువ పంచదార చాలుతుంది. నా ఉద్దేశంలో మన నిమ్మకాయ నీళ్ళని లెమనేడ్ అనడమే తప్పు. దాని తూకం వేరు.

పారిస్‌కి వద్దాం. 1630 అనే సంవత్సరం తరచూ వినిపించేది ఇక్కడిదే. ఆ కాలానికి లెమనేడ్ అక్కడ అమ్మకంలోకి వచ్చింది, పుట్టలేదు. వీపున పాత్ర కట్టుకుని వీధుల్లో తిరుగుతూ కప్పుల్లో పోసి అమ్మేవారు. 1676లో ఆ అమ్మకందారులకి రాజముద్రతో వృత్తి సంఘం ఏర్పడింది. వాళ్ళని లిమోనాడియే అన్నారు. సారాలు, కాఫీ అమ్మే హక్కు కూడా వాళ్ళకే దక్కడంతో తర్వాతి కాలపు కాఫీ హోటళ్ళు వీళ్ళ చేతుల్లోంచే వచ్చాయి. ఫ్రెంచిలో ఇప్పటికీ హోటలు నడిపేవాణ్ణి లిమోనాడియే అంటారు. సర్వర్లు జేబులో పెట్టుకునే బిరడా తీసే మడతకత్తిక్కూడా అదే పేరు. ఇంకొక మాట దాటవెయ్యకూడదు. ఆ రోజుల్లో పారిస్ వీధి మనిషికి పంచదార అందుబాటులోకి వచ్చిందంటే కారణం కరీబియన్ దీవుల తోటలు. అక్కడ చెరకు నరికినవాళ్ళు ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చిన బానిసలు. లెమనేడ్ చరిత్ర రాసేవాళ్ళు చాలామంది దీన్ని వదిలేస్తారు.

1668 ప్లేగు నుంచి పారిస్‌ని లెమనేడే కాపాడిందన్న మాట కూడా చదివి ఉంటారు. చెత్తలో పడ్డ తొక్కల్లోని లిమొనీన్ అనే నూనె ఎలకల మీది గోమార్లని చంపిందని ఊహ. ఆ నూనెకి పురుగుల్ని చంపే గుణం ఉన్నమాట నిజం. తక్కినదానికి రుజువు లేదు, ఊహగానే ఉంచండి.

మీరు చేసి చూసిన కొలత ఆడిజే అనే ఆయనది. 1692లో అచ్చయిన ఇంటి నిర్వహణ పుస్తకంలో ఉంది. 1660 జనవరిలో ఇటలీ నుంచి పచ్చి బఠాణీలు తెచ్చి పద్నాలుగో లూయీకి సమర్పించి పేరు తెచ్చుకున్నవాడు, తర్వాత పారిస్‌లో సొంత దుకాణం నడిపాడు. ఆయన చెప్పింది ఇది: ఒక పింటు నీళ్ళకి మూడు లెమన్ల రసం, ఏడెనిమిది తొక్క ముక్కలు, కాయలు పెద్దవైతే రెండే చాలు, పంచదార పావు లీవ్ర్, మరీ అయితే ఐదు ఔన్సులు. కరిగాక సంచిలో వడకట్టి చల్లబరచాలి. పారిస్ పింటు అంటే సుమారు 930 మిల్లీలీటర్లు, పావు లీవ్ర్ 122 గ్రాములు, ఐదు ఔన్సులు 153 గ్రాములు. లెక్క కడితే నూటికి 11 నుంచి 14 పాళ్ళ పంచదార. ఈనాటి కూల్ డ్రింకు తీపి సుమారుగా అంతే. మూడొందల ఏళ్ళకి పైగా మనిషి నాలుక ఆ అంకె దగ్గరే నిలబడి ఉంది.

దీన్ని మన కాయకి మార్చడం ఇలా. నీళ్ళు 930 మిల్లీలీటర్లు. నిమ్మరసం 105 మిల్లీలీటర్లు, అంటే ఆరు లేక ఏడు మంచి కాయలు. పంచదార 125 గ్రాములతో మొదలెట్టండి. ఐసు చల్లదనంలో తాగాలంటే 145 దాకా వెళ్ళండి, బాగా చల్లబడ్డాక నాలుకకి తీపి తక్కువ తెలుస్తుంది. ఐసు వేశాక పంచదార వెయ్యొద్దు, అడుగునే ఉండిపోతుంది. నీళ్ళలో పావువంతు గోరువెచ్చగా చేసి అందులో ముందు కరిగించుకోండి.

చేదు విషయానికి వస్తే, అది మూడు దారుల్లో దిగుతుంది. మొదటిది తొక్క కింది తెల్లపొర. లెమన్ తొక్క మందం, పైపచ్చ పొరని పల్చగా చెక్కడం తేలిక. నిమ్మ తొక్క కాగితంలా ఉంటుంది, కత్తి పెట్టగానే తెల్లది వచ్చేస్తుంది. అందుకని ఏడెనిమిది ముక్కలు నీళ్ళలో నానబెట్టే పద్ధతి మన కాయకి పనికిరాదు. దానికి బదులు పంచదారలో కొంత తీసి, పిండకముందే రెండు కాయల తొక్క మీద వేసి అరచేత్తో మెల్లగా రుద్దండి. పలుకుల గరుకుకి పైనున్న నూనె తిత్తులు పగిలి పంచదార తడిగా, లేత ఆకుపచ్చగా మారుతుంది, వాసన గదంతా వస్తుంది. నూనె వచ్చింది, తెల్లపొర రాలేదు. పాతకాలంలో పంచదార పెద్ద శంకువు గడ్డగా అమ్మేవారు, వంటవాళ్ళు ఆ గడ్డనే కాయకేసి రుద్దేవారు. అదే పని ఇది.

రెండోది గింజలు. గింజ నలిగితే చేదు వెంటనే తెలుస్తుంది. కత్తితో కోసేటప్పుడు గింజలు తెగకుండా చూసుకోండి. మూడోది అందరూ మోసపోయేది. గింజల్లోనూ తొనల పొరల్లోనూ ఒక పదార్థం ఉంటుంది, దానికదే చేదు కాదు. పొర చిరిగి పుల్లటి రసంలో కలిశాక గంటల మీద మెల్లగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది (తొక్క నూనెలోని లిమొనీన్ వేరు, ఇది వేరు). పిండగానే రుచి చూస్తే బాగుంటుంది, సాయంత్రానికి చేదు. వేడి చేస్తే ఇంకా తొందరగా మారుతుంది. విరుగుడు ఏమిటంటే కాయని ఆఖరి చుక్క దాకా నలిపి పిండొద్దు, పిండిన వెంటనే గింజలూ గుజ్జూ వడకట్టెయ్యండి, మూడు నాలుగు గంటల్లో తాగెయ్యండి. పెళ్ళిళ్ళలో తెల్లవారుజామున పిండి మధ్యాహ్నం పోసే నిమ్మరసం చేదెక్కేది ఇందుకే. వందల కాయలు పిండేవాళ్ళు రసం ముందే తీసుకోవాల్సి వస్తే వెంటనే వడకట్టి ఐసులో పెట్టుకోవాలి. ఇత్తడి, రాగి, అల్యూమినియం గిన్నెల్లో అసలు పెట్టొద్దు, పులుపు లోహాన్ని తినేస్తుంది. ఇంకొక హెచ్చరిక: నిమ్మ తొక్క నూనె అంటిన చేతులతో ఎండలో నిలబడితే ఒకటి రెండు రోజుల్లో చర్మం ఎర్రబడి బొబ్బలెక్కి, తర్వాత నెలల తరబడి నల్లమచ్చలుంటాయి. సబ్బుతో కడుక్కుని బయటికి వెళ్ళాలి.

లెమన్ నిమ్మ తేడా ఒకసారి ప్రాణాల మీదికి కూడా తెచ్చింది. 1747లో సాలిస్బరీ అనే ఓడ మీద వైద్యుడు జేమ్స్ లిండ్, విటమిన్ సి చాలక వచ్చే స్కర్వీ జబ్బు పట్టిన 12 మంది నావికుల్ని జంటలుగా విడదీసి ఆరు రకాల మందులిచ్చాడు. రోజూ రెండు నారింజలు, ఒక లెమన్ తిన్న జంట కొద్దిరోజుల్లోనే కోలుకుంది. ఆయనే తర్వాత రసాన్ని సెగ మీద చిక్కబెట్టి నిలవచెయ్యమన్నాడు. ఆ సెగకి విటమిన్ పోయి మందు పనిచెయ్యలేదు. 1795 నుంచి బ్రిటిష్ నౌకాదళం లెమన్ రసం ఇచ్చింది, స్కర్వీ తగ్గింది. 19వ శతాబ్దం మధ్యలో లెమన్ మాని తమ వెస్టిండీస్ తోటల నిమ్మరసానికి మారారు. దాన్లో విటమిన్ సి లెమన్‌లో ఉన్నంత లేదు, రాగి గొట్టాల్లో పారించి నిలవచేసేసరికి ఉన్నదీ చాలావరకు పోయింది. 1875లో ఉత్తర ధ్రువం వైపు వెళ్ళిన బృందంలో స్కర్వీ మళ్ళీ పడింది. పులుపే మందు అనుకున్నారు, మందు పులుపులో లేదు. 1867లో లాక్లన్ రోజ్ అనే స్కాట్లండు వ్యాపారి సారా కలపకుండా పంచదారతో నిమ్మరసం నిలవచేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. కైరో సీసాలో ఉన్న కిటుకు అదే.

గ్యాసు కథ 1767లో లీడ్స్‌లో మొదలైంది. జోసెఫ్ ప్రీస్ట్లీ పక్కనున్న బీరు కార్ఖానాలో పులుస్తున్న తొట్టి మీది గాలిని నీళ్ళలో కలిపాడు, 1772లో ఆ పద్ధతి అచ్చువేశాడు. జాకబ్ ష్వెప్ 1783లో జెనీవాలో దాన్ని వ్యాపారం చేసి 1792లో లండన్ చేరాడు. 1830లలో ఆయన పేరుతో నడిచిన ష్వెప్స్ కంపెనీ గ్యాసు లెమనేడ్ అమ్మింది. కష్టమంతా నీళ్ళలో గ్యాసు ఎక్కించడం కాదు, సీసాలో ఆపడం. బిరడా ఎండితే గ్యాసు పోతుంది, అందుకే నిలబెట్టలేని గుండ్రటి అడుగు సీసాలు చేశారు. పడుకోబెడితే బిరడా తడిగా ఉంటుంది.

దానికి హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1872లో పేటెంటు పొందిన జవాబే మన సోడాబుడ్డి. మెడ లోపల గాడిలో రబ్బరు రింగు, దాని కింద గాజు గోళీ. సీసాని తలకిందులు చేసి నింపుతారు, గోళీ బరువుకి రింగు మీద వాలుతుంది, లోపలి గ్యాసు దాన్ని నొక్కి పట్టేస్తుంది. మూత అక్కర్లేదు, లోపలున్న సరుకే తలుపు వేసుకుంటుంది. చెక్క పిడితో గోళీని కిందికి నొక్కగానే కీచుమని తెరుచుకుంటుంది. మెడ కింద లోపలికి నొక్కిన రెండు గుంటలు చూశారా? అవి అందానికి కాదు. ఆ గుంటల వైపు కిందికి వచ్చేట్టు వంచి పోస్తే గోళీ వాటిలో చిక్కుకుని దారి వదులుతుంది. అటుతిప్పి వంచితే దొర్లి మెడకి అడ్డం పడి సోడా ఆగిపోతుంది. ఒత్తిడి తట్టుకోడానికి గాజు అంత మందంగా పోశారు, సోడాబుడ్డి కళ్ళద్దాలు అనే మాట మనకి దాన్నుంచే వచ్చింది. జపాన్‌లో ఇదే సీసాలో అమ్మే రామునే అనే పానీయం పేరు కూడా లెమనేడ్ మాట అక్కడివాళ్ళ నోట తిరిగిందే.

ఈ సీసాకి రెండు బలహీనతలు. రబ్బరు రింగు గట్టిపడితే గ్యాసు రాత్రికి రాత్రే పోతుంది. మెడ దాటి బ్రష్షు సరిగ్గా వెళ్ళదు, గోళీ వెనక పాచి పడుతుంది. 1892లో పేటెంటైన రేకు మూత దీన్ని చాలా దేశాల్లో తుడిచిపెట్టడానికి ఇదీ ఒక కారణం. మన ఊళ్ళలో ఉన్న బుడ్డినే మళ్ళీ మళ్ళీ నింపుకునే చిన్న కార్ఖానాల వల్ల ఇది చాలా ఏళ్ళు బతికింది. మీరు సోడా కొనేటప్పుడు వెలుతురుకి పట్టి మెడ చూడండి.

ఇంట్లో సోడా బదులు వంటసోడా వేసి పొంగించేవాళ్ళకి ఒక లెక్క. పావు చెంచా వంటసోడా సుమారు 1.2 గ్రాములు, అది 0.9 గ్రాముల పులుపుని చంపేస్తుంది. ఒక కాయ రసంలో ఉన్నదే 1.1 గ్రాములు. పొంగు అర నిమిషం, తర్వాత మిగిలేది చప్పటి ఉప్పునీళ్ళు. పొంగు కావాలంటే బాగా చల్లబరిచిన సోడానే ఆఖర్న పొయ్యండి, చల్లటి నీటిలో గ్యాసు ఎక్కువసేపు నిలుస్తుంది. పోశాక గరిటెతో తిప్పొద్దు.

షాపు సీసా మీద నిమ్మరసం అని బొమ్మ ఉన్నా లోపలి పులుపు తరచుగా నిమ్మ ఉప్పుదే, అంటే సిట్రిక్ ఆమ్లానిదే. ఆ ఆమ్లాన్ని 1784లో షీలే అనే స్వీడన్ రసాయన శాస్త్రవేత్త నిమ్మరసంలోంచే వేరుచేశాడు. 1919 నుంచి అమెరికాలో పంచదార మీద ఒక రకం బూజుని పెంచి తీస్తున్నారు, ఇప్పుడు దాదాపు అంతా అలా వచ్చేదే. హాని లేదు గానీ దాన్లో నిమ్మ వాసనా, విటమిన్ సి ఉండవు. విదేశాల్లో ఉండే మనవాళ్ళు పేరు చూసి తికమకపడకుండా: ఇంగ్లండులోనూ ఫ్రాన్సులోనూ లెమనేడ్ అడిగితే గ్యాసుది తెస్తారు, అమెరికాలో గ్యాసు లేనిది. ఫ్రాన్సులో పిండిన రసం కావాలంటే సిట్రోన్ ప్రెస్సే అనాలి, నీళ్ళూ పంచదారా విడిగా పెడతారు.

ఈ కొలతలతో మళ్ళీ చేసి చూడండి. అప్పటికీ చేదొస్తే రెండు సంగతులు రాయండి: పిండినదానికీ తాగినదానికీ మధ్య ఎన్ని గంటలు, గింజలు రసంలో ఎంతసేపున్నాయి. ఆ రెండూ తెలిస్తే తప్పు తొక్కదో గింజదో వెంటనే చెప్పొచ్చు.